బల్లెమును త్రవ్వుగోలయు: ఆదిమానవుల యాహారసంపాదనము

మన బాలబాలికలు చదువు చరిత్రపుస్తకములలో మొదటి పాఠమునందు ఆదిమానవుని బొమ్మ యొకటి తఱచుగా కానవచ్చును. జడలు గట్టిన జుట్టు, మొలకు తోలు, చేత బల్లెము, ఎదుట గాయపడిన అడవిదున్న. ఆ పురుషునికి వెనుకగా గుహద్వారమున ఒక స్త్రీ బిడ్డను చంకనిడుకొని నిప్పు ప్రక్కన కూర్చుండి యుండును. అతడు తెచ్చును, ఆమె వండును. అతడు తేనినాడు ఆమెకును బిడ్డకును పస్తు. ఈ బొమ్మను చూచిన పిల్లవానికి గురువు వేఱుగా బోధింప నక్కఱలేదు. సంసారమును పోషించువాడు పురుషుడనియు, స్త్రీ వాని సంపాదనముపై బ్రదుకునదనియు, ఈ యేర్పాటు లక్షల యేండ్లుగా వచ్చుచున్న ప్రకృతిధర్మమనియు ఆ బొమ్మయే వానికి నేర్పును.

ఆ బొమ్మ యెంతవఱకు నిజము? ఈ ప్రశ్న కేవలము వినోదార్థమైనది గాదు. "అనాదినుండి యిట్లే జరుగుచున్నది" అను మాట మన యిండ్లలో ఎన్ని యన్యాయములకు ఆధారముగా వాడబడుచున్నదో చదువరు లెఱుగుదురు. అనాదిని గూర్చి మాటలాడువారు అనాదికాలపు సాక్ష్యమును చూచి మాటలాడుట మేలు. ఆ సాక్ష్యమేమో, అది యేమి చెప్పుచున్నదో యీ వ్యాసమున సంగ్రహముగా నివేదింపదలచితిని.

వ్రాత పుట్టుటకు ముందున్న కాలమునకు వ్రాతసాక్ష్యము లేదు. భూమిలో మిగిలిన వస్తువులే సాక్షులు. మన దేశమున ఆ సాక్షులను పలికించిన మొదటివారిలో ముఖ్యుడు రాబర్టు బ్రూస్ ఫూటు. అతడు భారత భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగి. 1863 మే 30వ తేదీన మద్రాసు చెంతనున్న పల్లవరమున, గులకరాళ్ళు త్రవ్వి తీసిన గుంటలో, మనుష్యుడు చెక్కిన రాతిపనిముట్టు నొకదానిని అతడు గుర్తించెను. ఆ యేడే సెప్టెంబరులో కింగు అను సహోద్యోగితో గూడి కొర్తలయారు పరీవాహకమందలి అత్తిరంపాక్కమున అట్టివి మఱికొన్నిటిని కనుగొనెను. వాని వయస్సు నిర్ణయించు సాధనములు ఆ దినములలో లేవు. శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ మొదలగు పరిశోధకులు 1999 నుండి అచ్చటనే త్రవ్వకములు జరిపి, ఆ పనిముట్లలో మిక్కిలి పాతవి సుమారు 15 లక్షల యేండ్లనాటివని 2011లో ప్రకటించిరి.

ఈ పనిముట్లకు చేతిగొడ్డండ్లని పేరు. పేరు వినినతోడనే ఇవి మృగములను చంపు ఆయుధములని తోచును. కాని వీనికి పిడి లేదు. అఱచేత బట్టుకొని తోలు కోయవచ్చును, ఎముక పగులగొట్టవచ్చును, కఱ్ఱను చెక్కి వాడి చేయవచ్చును, నేలను త్రవ్వవచ్చును. ఇది ఆయుధమనుటకంటె ఇంటి కత్తిపీట యనుట యుక్తము. దానిని గొడ్డలిగా చూచితిమనగా, మన మనస్సునందు ముందే వేటకాని బొమ్మ యున్నదన్నమాట.

ఇంతకంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు. రాయి చావదు, కొయ్య చచ్చును. పదిలక్షల యేండ్లు నేలలో పడియున్నను రాయి రాయిగానే యుండును. అనుకూలమైన నేల దొరకినచో ఎముకయు నిలుచును. కఱ్ఱ, నార, వల, బుట్ట, దుంప, ఆకు, పండు మాత్రము మన యుష్ణదేశపు వానలకును చెదలకును నాలుగేండ్లలో మన్నగును. కావున ఏడాది పొడవునను దుంపలు తిని, అప్పుడప్పుడు జింకను తినిన జాతియైనను, భూమిలో మిగిల్చిపోవునది జింకయెముకలను, వానిని కోసిన రాళ్ళను మాత్రమే. ఒక గృహస్థుని ఖర్చులపుస్తకమున దినవెచ్చపు పుటలు చినిగిపోయి, పండుగనాటి పద్దులు మాత్రము మిగిలినవనుకొందము. దానిని చూచి, ఆ యింటివారు నిత్యము పిండివంటలే భుజించిరని చెప్పువానిని మన మేమందుము? ఆదిమానవుని బొమ్మ గీసినవారు చేసిన పని యిదియే.

ఈ పొరపాటు పామరులకే పరిమితమైనది గాదు. దక్షిణాఫ్రికాలో 1924లో దొరకిన "టాంగ్ శిశువు" పుఱ్ఱెను లోకమునకు పరిచయము చేసిన రేమండ్ డార్టు గొప్ప పండితుడు. మానవపూర్వికులు హింసాప్రియులైన వేటకాండ్రనియు, చంపిన మృగముల యెముకలనే గదలుగాను కత్తులుగాను వాడిరనియు అతడు వాదించెను. గుహలలో ఎముకలు గుట్టలుగా నుండుటయు, మానవపూర్వికుల పుఱ్ఱెలు పగిలియుండుటయు అతడు చూపిన నిదర్శనములు. మనుష్యుని రక్తములోనే హత్యాప్రవృత్తి కలదను మాట యీ వాదము వలన లోకమంతట వ్యాపించెను. సి. కె. బ్రెయిన్ అను శాస్త్రజ్ఞుడు మాత్రము తొందరపడక, స్వార్ట్‌క్రాన్స్ మొదలగు గుహలలోని యెముకలను ఏండ్లతరబడి పరీక్షించి, 1981లో తన గ్రంథమును ప్రకటించెను. మానవసంబంధియైన జాతికి చెందిన యొక పసివాని పుఱ్ఱెలో రెండు రంధ్రములు కలవు. ఆ రంధ్రముల నడిమి దూరము చిఱుతపులి క్రిందికోఱల నడిమి దూరముతో సరిపోయెను. టాంగ్ శిశువు సైతము పెద్ద గ్రద్ద వాతబడినదని తరువాతి పరిశోధకులు చూపిరి. ఇంతకును గుహలోని యెముకలు ఆ పూర్వికుల భోజనశేషములు గావు; ఆ పూర్వికులే చిఱుతల భోజనశేషములు! మనుష్యుడు వేటాడుట నేర్చుటకు ముందు చిరకాలము వేటాడబడిన ప్రాణి.

అట్లని మన పూర్వులు మాంసము ముట్టలేదని చెప్పరాదు. ఇథియోపియాలో సుమారు 25 లక్షల యేండ్లనాటి మృగముల యెముకలపై రాతియంచుతో కోసిన గాట్లు కానవచ్చుచున్నవి. మూలుగు కొఱకు ఎముకలను పగులగొట్టిన గుర్తులును కలవు. పెద్దపులియో సింహమో చంపి తిని విడిచిన కళేబరమునుండి మిగిలిన మాంసమును కోసికొనుట, కోఱలకు లొంగని యెముకను రాతితో పగులగొట్టి లోని మూలుగును తీసికొనుట, తొలినాళ్ళ మాంససంపాదనలో ఒక భాగమై యుండవచ్చును. ఇది వీరోచితమైన బొమ్మ గాదు. కాని బుద్ధిబలము చూపిన బొమ్మ.

నిజమైన పెద్దవేటకు చక్కని సాక్ష్యము జర్మనీలోని షోనింగెన్ అను చోట లభించినది. అచ్చట బొగ్గుగనిలో హార్ట్‌ముట్ టీమె యను పురాతత్వజ్ఞుడు 1994 మొదలుకొని కొయ్యబల్లెములను బయటికి తీసెను. పూర్వమొక సరస్సుతీరమైన ఆ చోటి తడిమన్ను గాలి చొరనీయకుండుట చేత అవి క్రుళ్ళలేదు. ఆఱు మొదలు ఎనిమిది అడుగుల పొడవుగల ఆ బల్లెములు, తక్కువగా లెక్కించినను, రెండులక్షల యేండ్లనాటివి. వాని చెంతనే గాట్లు పడిన గుఱ్ఱముల యెముకలు విస్తారముగా దొరకినవి. పరుగెత్తు గుఱ్ఱపుమందను ఒక్కడు పొడిచి చంపజాలడు. కొందఱు తఱుమవలెను, కొందఱు మాటున పొంచి యుండవలెను, ఒకరి సైగను మఱియొకరు గ్రహింపవలెను. వేట నేర్పిన గొప్పవిద్య చంపుట గాదు, కలిసి పనిచేయుట.

మనకు సమీపమున నున్న సింహళద్వీపమునందు వేట వేఱు రూపము దాల్చెను. దట్టమైన వానయడవిలో గుఱ్ఱపుమందలు లేవు. అచ్చటి ఫాహియన్ గుహలో దొరకిన యెముకలలో కోతులవియు చెట్లపై తిరుగు ఉడుతజాతులవియు ముఖ్యములు. అవి సుమారు 45 వేల యేండ్లనాటివి. ఆ గుహలోని యెముకతో చేసిన వాడిమొనలు విల్లంబుల వాడుకకు గుర్తులని పరిశోధకులు 2020లో ప్రకటించిరి. వారు పిల్లకోతులను విడిచి ఎదిగినవానినే యెక్కువగా కొట్టినట్లు ఎముకల వలన తెలియుచున్నది. వేటాడిన యడవియే మఱునాడును తమ్ము పోషింపవలెనను ఎఱుక లేక వేలకొలది యేండ్లు ఒకేచోట బ్రదుకుట సాధ్యము గాదు.

ఇక మన సీమకు వత్తము. ఇప్పటి నంద్యాల జిల్లాలోని జుఱ్ఱేరు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. సుమాత్రా ద్వీపమందలి తోబా అగ్నిపర్వతము సుమారు 74 వేల యేండ్ల క్రిందట బ్రద్దలైనప్పుడు ఎగసిన బూడిద వేలమైళ్ళు గాలిలో వచ్చి మన దేశమున రాలెను. జ్వాలాపురమున ఆ బూడిదపొర నేటికిని కలదు. ఆ పొరకు క్రిందను రాతిపనిముట్లు కలవు, పైనను కలవు. ఆ మహోత్పాతము తరువాతను మనుష్యులచ్చట బ్రదుకు సాగించిరని మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ మొదలగువారు 2007లో వాదించిరి. ఆ గ్రామప్రాంతమందే ఒక రాతిచఱియ క్రింద సుమారు 35 వేల యేండ్లనాటి నుండి వచ్చిన సూక్ష్మశిలాపరికరములు దొరకినవి. అవి గోరంత, వ్రేలంత రాతిబద్దలు. అట్టివానిని కఱ్ఱకు చేసిన గాడిలో జిగురుతో నదికినచో బాణపుమొనయగును, కత్తియగును. రాయి పోయినచో క్రొత్తరాయి నదుకుదురు. కఱ్ఱ మాత్రము పాతదే. పొదుపెఱిగిన సంసారి చేయు పని యిట్టిదే గదా!

ఆ సీమలోనే బేతంచెర్ల చెంత బిల్లసర్గము గుహలు కలవు. ఫూటును అతని కుమారుడును 1884, 85 సంవత్సరములలో అచ్చట త్రవ్వించిరి. ఈ గుహలలోని మృగముల యెముకలను మరల పరీక్షించిన పరిశోధకులు 2014లో ఒక వింతను ప్రకటించిరి. వారు గుర్తించిన 21 స్తన్యపాయిజాతులలో 20 జాతులు లక్ష యేండ్లనుండి నేటివఱకు ఉపఖండమున ఎక్కడనో యొకచోట బ్రదికియే యున్నవి. ఇతర ఖండములలో పెద్దమృగములు పెక్కు నశించిన కాలమునందును, మన దేశమున వేటగాండ్రును మృగములును ఒకే యడవిని పంచుకొని నిలిచిరి. మనుష్యుడు కాలుమోపినచోట మృగజాతి నశించుట విధి యనుకొనువారు ఈ గుహల సాక్ష్యమును స్మరింపవలెను.

ఇంతవఱకు చెప్పినది బల్లెపు కథ. త్రవ్వుగోల కథ వినుటకు చెవిని మఱికొంత దగ్గఱగా నుంచవలెను. ఏలయన దాని సాక్షులు మెల్లగా మాటలాడుదురు.

ఇస్రాయేలు దేశమున జోర్డాను నదీతీరమందలి గెషర్ బెనోత్ యాకోవ్ అను చోట 7,80,000 యేండ్లనాటి నివాసము బయల్పడినది. నీటిలో మునిగియుండుట చేత అచ్చటి గింజలును కాయలును క్రుళ్ళక మిగిలినవి. సింగాడకాయలు, మఖానాగింజలు, గట్టిపెంకు కాయలు, వానిని పగులగొట్టుటకు వాడిన గుంటలు పడిన రాళ్ళు, నిప్పు వాడిన గుర్తులు అచ్చట కలవు. పెద్దచేపలను అదుపులోనున్న వేడిమిపై వండిరని చేపపండ్ల పరీక్షవలన 2022లో తెలిపిరి. దక్షిణాఫ్రికాలోని బార్డర్ గుహయందు 1,70,000 యేండ్లనాటి పొయ్యిబూడిదలో మాడిన దుంపలు దొరకినవి. ఆ దుంపలను త్రవ్వినచోటనే తినివేయక గుహకు మోసికొనివచ్చి కాల్చిరి. అనగా ఇంటనున్నవారికి పెట్టుటకు తెచ్చిరి. ఇటలీలో పోజెట్టి వెక్కి యను చోట నించుమించు ఆ కాలమునాటి త్రవ్వుగోలలే లభించినవి. గట్టికొయ్యను నిప్పులో కాల్చి, మాడిన పొరను రాతితో గీకి, మొన తీర్చినట్లు వానిపై గుర్తులున్నవి. బల్లెమునకు చూపిన శ్రద్ధ త్రవ్వుగోలకును చూపిరన్నమాట.

ఎముకలే యొకప్పుడు దుంపల కొఱకు సాక్ష్యమిచ్చును. మనుష్యుడు తినిన యాహారమును బట్టి వాని యెముకలోని మూలద్రవ్యముల పాళ్ళు మాఱును. పెరూ దేశపు ఆండీసు పర్వతములపై 9,000 మొదలు 6,500 యేండ్ల క్రిందట జీవించిన 24 మంది యెముకల నిట్లు పరీక్షించి, వారి యాహారములో సుమారు 80 పాళ్ళు వృక్షజన్యమనియు, మాంసము 20 పాళ్ళేయనియు 2024లో ప్రకటించిరి. అంతకుముందు ఆ కొండజనులు ముఖ్యముగా వేటచే బ్రదికినవారని పండితులు తలంచియుండిరి. చినిగిన దినవెచ్చపు పుటలు ఇట్లు ఒక్కొక్కటిగా దొరకుచున్నవి.

జీవించియున్నవారి సాక్ష్యమును చూతము. 1966లో అమెరికాలోని చికాగో నగరమున వేటసేకరణలచే బ్రదుకు జాతులను గూర్చి పండితులసభ యొకటి జరిగెను. ఆ సభకు "వేటగాడైన మానవుడు" అని పేరు పెట్టిరి. కాని ఆ సభలోనే రిచర్డ్ లీ యను పరిశోధకుడు ఆఫ్రికాలోని కలహారి యెడారిజనుల యాహారమును తూచి చూపిన లెక్కలలో, బరువునుబట్టి మూడింట రెండుపాళ్ళవఱకు కాయలు, దుంపలు, పండ్లే యుండెను. వానిలో ఎక్కువభాగమును తెచ్చినవారు స్త్రీలు. సభకు పెట్టిన పేరును సభలో చదివిన లెక్కయే ఖండించెను!

మన నల్లమల యడవులలోని చెంచులను గూర్చి హైమెండార్ఫ్ పండితుడు వ్రాసిన గ్రంథము 1943లో వెలువడెను. వారికి విల్లంబులు కలవు, తేనె తీయు సాహసము కలదు. కాని నిత్యజీవనమునకు ఆధారము త్రవ్వుగోలయే యని ఆ గ్రంథము వలన తెలియుచున్నది. నూలగడ్డ మొదలగు దుంపలు, ఇప్పపువ్వు, తునికిపండ్లు, మొఱ్ఱిపండ్లు, చింతపండు ఋతువు ననుసరించి వారి యాకలి తీర్చెడివి. దుంపలు త్రవ్వుట అచ్చట స్త్రీలపని మాత్రమే గాదు, పురుషులును త్రవ్వుదురు. కర్నూలు గుహలను శోధించిన ఎం. ఎల్. కె. మూర్తిగారును ఈ సీమలోని యానాదులు, ఎఱుకలు, బోయలు మొదలగువారి యుచ్చులను, బోనులను, చేపలు పట్టు తెఱగులను జాగ్రత్తగా పరిశీలించి, పూర్వుల జీవనమును ఊహించుటకు ఆధారము చేసికొనిరి. బల్లెముతో దున్న నెదిరించుట బొమ్మకు బాగుగనుండును. కాని ఉచ్చులో పడు కుందేలు, కౌజు, కలుగులోని యుడుము, మడుగులోని చేప, ఇవియే కుండలోనికి వచ్చునవి. ఇట్టి చిన్నవేటకు బలముకంటె ఓర్పును, జంతువుల నడవడి యెఱిగిన కన్నును ముఖ్యములు. స్త్రీలును పిల్లలును వృద్ధులును చేయదగిన వేట యిది.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. చెంచులును యానాదులును లక్షయేండ్ల క్రిందటి మనుష్యుల శేషములు గారు. వారును మనవలెనే నేటివారు. గ్రామములతో కొనుబడి అమ్ముబడి చేసినవారు, చట్టములచేతను వడ్డివ్యాపారులచేతను బాధపడినవారు. వారి బ్రదుకు పూర్వకాలమునకు ప్రతిబింబము గాదు. అయినను అడవి యేమి పెట్టగలదో, దానిని పొందుటకు ఎంత విద్య కావలెనో వారి వలన నేర్వవచ్చును. విద్య యనునది ఊరకే యన్నమాట గాదు. అడవిపెండలపు జాతులలో కొన్ని విషపూరితములు. ముక్కలుగా కోసి, ఉడికించి, పాఱునీట నానవేసినగాని అవి తినదగినవి గావు. ఏ తీగ క్రింద దుంప యుండునో, ఏ నెలలో ఊరునో, ఎంత త్రవ్వి యెంత విడిచిన మఱుసటియేడు మరల మొలుచునో తెలియవలెను. ఈ జ్ఞానమును తల్లి కూతునకు, తాత మనుమనికి నోటిమాటగా నప్పగించుచు వచ్చిరి. పలకా బలపము పట్టనందున వీరిని అజ్ఞానులని మనము పిలుచుచున్నాము. మనలో నెవరినైనను ఒక్కవారము ఆ యడవిలో విడిచినచో ఎవరు అజ్ఞానులో స్పష్టమగును.

అయినచో పురుషులు వేటాడిరి, స్త్రీలు దుంపలు త్రవ్విరి యని రెండు గడులు గీసి ఊరకుందమా? సాక్ష్యము దానికిని ఒప్పుకొనదు. పెరూలోనే విలమాయ పాట్జ్హా యను చోట 2018లో సుమారు 9,000 యేండ్లనాటి సమాధి యొకటి త్రవ్విరి. అందు పెద్దమృగముల వేటకు తగిన రాతిమొనలును, తోలు గీకి శుభ్రపఱచు రాళ్ళును ఒకచోట కూర్చి యుంచబడెను. పూడ్చబడినది గొప్ప వేటగాడని మొదట తలంచిరి. పరీక్షింపగా పదునెనిమిదేండ్ల ప్రాయపు యువతి యని తేలినది. ఈ యువతిని గూర్చి 2020లో వ్రాసిన రాండల్ హాస్ మొదలగువారు, అమెరికాఖండములలో వేటపరికరములతో పూడ్చబడిన ప్రాచీనుల సమాధుల నన్నిటిని సమీక్షించి, అట్టి 27 మందిలో 11 మంది స్త్రీలని చెప్పిరి. దీనిని బట్టి అంతటను స్త్రీలే వేటాడిరని చెప్పుటయు తప్పు. మంచుసీమలలో మాంసమును చేపలునే ముఖ్యాహారము; మన యుష్ణదేశములలో దుంపలును కాయలును మిక్కుటము. ఒకచోట పురుషులు త్రవ్విరి, ఒకచోట స్త్రీలు వేటాడిరి. దేశమును, ఋతువును, అవసరమును బట్టి పని మాఱెను. మాఱని ధర్మమని మనము చెప్పుకొనునది మాత్రము ఎక్కడను కానరాదు.

మాఱక అంతటను కానవచ్చునది ఒక్కటే: పంచుకొనుట. మృగములలో పెక్కు తమకు దొరకినదానిని దొరకినచోటనే తినును. మనుష్యుడు మోసికొనివచ్చి నలుగురితో పంచుకొనును. మనుష్యశిశువు పదేండ్లు గడచినను తన పొట్ట తాను పోసికొనలేదు. తల్లియొక్కతెయే వానిని సాకుటయు కష్టము. తండ్రి, అమ్మమ్మ, మేనమామ, పెద్దక్క, ఇంతమంది చేతులు కలిసినగాని యొక బిడ్డ పెరుగడు. వేటకు పోయినవారు పది దినములలో ఎన్నిదినములు వట్టిచేతులతో తిరిగివత్తురో! ఆ దినములలో వారిని బ్రదికించినది బుట్టలోని దుంప. దుంపలు దొరకని కాలమున ఇంటివారిని బ్రదికించినది ఉచ్చులోని జింక. ఒకరిపై నొకరు ఆధారపడిరి గాని, ఒకరు పోషకులును ఒకరు పోష్యులును గారు. మధ్యభారతపు కొండగుహలలో పూర్వులు తామే గీసికొనిన చిత్రములను చూడుడు. 1957లో వాకంకర్ పండితుడు కనుగొనిన భీంబేట్కా మొదలగు చోట్ల వేటదృశ్యములు ఘనముగా నున్నవి. వానితోడనే తేనె తీయుట, చేపలు పట్టుట, స్త్రీలు ఆహారము సేకరించుట చిత్రింపబడియున్నవి. వారు గీసికొనిన బొమ్మలో స్త్రీ గుహద్వారమున కూర్చుండి యెదురుచూచుచుండలేదు.

ఈ కథకు కడపటి యధ్యాయము మన వంటింటిలోనే ముగియును. క్రీస్తుపూర్వము 3000 ప్రాంతమునుండి దక్కనులో నవీనశిలాయుగజనులు పశువులను మందలుగా పెంచిరి. పాలమూరు సీమలోని ఉట్నూరు నందు రేమండ్ ఆల్చిన్ 1957లో త్రవ్వగా, అచ్చటి బూడిదదిబ్బ తగులబెట్టిన పేడకుప్పయని రూఢియైనది. ఆవులయెద్దుల గిట్టల గుర్తులును నేలపై నిలిచియుండెను. ఆ జనులు పండించిన ధాన్యముల మాడినగింజలు బళ్ళారి సమీపపు సంగనకల్లు మొదలగు చోట్ల దొరకినవి. అవి యేవి? ఉలవలు, పెసలు, అండుకొఱ్ఱలు మొదలగునవి. వానిని నూఱిన రాళ్ళు మన సన్నికల్లునకు తాతలు. అడవిలో ఏరుకొనిన గింజ యెక్కడ రాలి, ఎప్పుడు మొలచి, ఎట్లు పండునో తరతరములుగా కనిపెట్టినవారే దానిని విత్తగలరు. నాగలికి పూర్వరూపము బల్లెము గాదు, త్రవ్వుగోల. మనము నేడు ఉలవచారు పోసికొని భుజించునప్పుడు, పేరులేని యా సేకర్తల యెఱుకనే భుజించుచున్నాము.

అయినను చరిత్ర యెవరి పేరును స్మరించినది? ఒకనాడు పడిన దున్నను గోడపై గీసిరి, పాటగట్టిరి. ప్రతిదినము నిండిన బుట్టను ఎవరును లెక్కింపలేదు. నేటికిని లెక్కింపకయే యున్నాము. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని యింటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టిపని చేయు పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఆ యైదుగంటల పని దేశాదాయపు లెక్కలో చేరదు. సాయంకాలము ఇంటికి వచ్చిన పురుషుడు "నేను తెచ్చుచున్నాను, మీరు తినుచున్నారు" అనునప్పుడు, చరిత్రపుస్తకములోని యా బొమ్మయే వాని నోట మాటలాడుచున్నది.

పూర్వులు ఇట్లు బ్రదికిరి గనుక మనమును అట్లే బ్రదుకవలెనని నేను చెప్పను. మన ధర్మమును మనము బుద్ధితో నిర్ణయించుకొనవలెను గాని గుహలనుండి అరువు తెచ్చుకొనరాదు. కాని అన్యాయమునకు అనాదిని సాక్షిగా పిలుచువారికి ఒక్కమాట: ఆ సాక్షి మీ పక్షమున లేడు. పిల్లల పుస్తకమున ఆదిమానవుని బొమ్మ యుండుగాక. బల్లెముగల పురుషుడును ఉండుగాక. అతని ప్రక్కనే, కొంగున బిడ్డను గట్టుకొని, త్రవ్వుగోలతో నేలను చదువుచున్న స్త్రీయును, ఉచ్చు పన్నుచున్న ముసలివాడును, బుట్టలో కాయ లేరుచున్న పిల్లలును ఉండవలెను. అట్టి బొమ్మ దొరకువఱకు, తల్లిదండ్రులు ఆ పాఠము చెప్పునప్పుడు ఈ రెండుమాటలు కలిపి చెప్పుదురుగాక.